వెళ్లిపోతానంటే ఏం చేస్తారు?

సున్నా బాబాయి నాకు బంధువు కాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక మేడ మెట్ల కింద ఉన్న చిన్న గదిలో కాటాలు బాగుచేస్తాడు. ఏ కాటా ముందు కూర్చున్నా ఆయన మొదటి మాట "ముందు సున్నా చూడు" అనే. ఆ మాటే పేరైపోయి, అసలు పేరు ఆయన భార్యకీ ఉత్తరాలు తెచ్చేవాడికీ మాత్రమే మిగిలింది.

ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు దొంగ అనుకున్నాను.

మా పాపకి అప్పుడు మూడో నెల. పిల్లల క్లినిక్‌లో రెండు వారాలుగా కాటా ఒకే బరువు చూపిస్తోంది. ఐదు కిలోల రెండు వందల గ్రాములు, ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. "పాలు చాలడం లేదేమో" అంది నర్సు. ఆ రాత్రీ మర్నాడూ నేను అన్నం సరిగా తినలేదు. తర్వాత నేను చదివిన ఫిజిక్స్ గుర్తొచ్చింది. బతికున్న పిల్ల బరువు ప్రతిసారీ అంత కచ్చితంగా ఒకేలా ఉండదు. తేడా పిల్లలో ఉండొచ్చు, కాటాలోనూ ఉండొచ్చు. ముందు కాటాని అడగాలి. కొలజాడీతో కొలిచి లీటరు నీళ్లు ఒక సీసాలో పోసుకుని క్లినిక్‌కి వెళ్లాను.

వెళ్లేసరికి కాటా దగ్గర అరవై దాటిన మనిషి, చేతిలో మెత్తటి తోలుగుడ్డతో కూర్చుని ఉన్నాడు. నేను ఫిర్యాదు చేస్తానని తెలిసి నా నోరు మూయించడానికి పిలిపించారనుకున్నాను.

"ఆ సీసా ఏంటమ్మా?"

"లీటరు నీళ్లు. కిలో బరువు."

"సీసా బరువో?"

"నలభై ఒక్క గ్రాములు. తీసేసి లెక్కేసుకుంటాను."

"చన్నీళ్లా, వేణ్నీళ్లా?"

"గదిలో ఉన్నవే. మూడు గ్రాములు తక్కువ తూగుతాయి, తెలుసు."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా. నాకన్నా ముందే కాటాని అనుమానించిన మనిషిని ఇవాళే చూశాను. కానీ అమ్మాయ్, సీసాని మధ్యలో పెట్టకు. మధ్యలో అందరూ మంచివాళ్లే. మూలన పెట్టు."

మధ్యలో పెడితే సరిగ్గానే ఉంది. మూడు మూలల్లోనూ సరిగ్గానే ఉంది. పిల్లల కాళ్లు వచ్చే వైపు ఒక మూలలో మాత్రం కిలోకి రెండు వందల గ్రాములు మాయం. తట్ట కింద మర ఒకటి వదులై, ఆ మూల కింది చట్రానికి తగులుతోంది. పాప పొడుగైంది, కాళ్లు ఆ మూలకి చేరాయి. పెరిగిన బరువు అంతా ఆ మూలే మింగేసింది. మర బిగించాక ఐదు కిలోల ఆరు వందల డెబ్బై. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆయన నా వైపు చూడలేదు, కాటా వైపే చూస్తూ, "తీసెయ్యమ్మా పిల్లని, మళ్లీ సున్నాకి వస్తుందో లేదో చూడాలి" అన్నాడు.

అక్కడినుంచి బాబాయి అయ్యాడు, ఆయన భార్య పిన్ని అయింది. అయినా ప్రతి నెలా పాపని తూచేముందు నా సీసా కాటా ఎక్కాల్సిందే. ఆయన ఆ ముందురోజే సరిచూసి స్టిక్కర్ అంటించిన కాటా అయినా సరే. ఆయనా ఏమీ అనలేదు.

ఆ క్లినిక్‌లాంటివి ఊళ్లో పదకొండు ఉన్నాయి, అన్నిటికీ యాజమాన్యం ఒకటే. పోయినేడు వాళ్ల దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. ఇకనుంచి ప్రతి కాటా రికార్డూ ఎవరైనా ఫోన్‌లో చూసుకునేలా ఉండాలి. స్టిక్కర్ మీద నంబరు కొడితే ఎప్పుడు సరిచూశారో, ఎంత తేడా ఉందో కనిపించాలి. మూడు నెలల గడువు. ఆ లోపల కాకపోతే పని కాటాలు అమ్మే పెద్ద కంపెనీకి వెళ్లిపోతుంది. బాబాయి పనిలో సగానికి పైగా ఆ పదకొండు క్లినిక్‌లే. బజారు కాటాలవాళ్లు ఏడాదికోసారి, అదీ భయపడితేనే పిలుస్తారు.

"వాళ్లొస్తే బాగుచెయ్యరు, కొత్తది కొనిపిస్తారు" అన్నాడు బాబాయి, కాగితం నా ముందు పెట్టి. "మూలలు ఎవరు చూస్తారిక? నీకు కంప్యూటర్ తెలుసుగా. చెప్పు, ఏం కావాలి నాకు?"

వెబ్‌సైట్ కావాలన్నాను. దానికో పేరు కావాలి, అది ఉండడానికి చోటు కావాలి. చోటు ఇచ్చేవాళ్లనే హోస్టింగ్ కంపెనీ అంటారు. మీ దుకాణం బోర్డు ఒకరి గోడకి తగిలించి, ఆ గోడకి అద్దె కట్టడంలాంటిదని చెప్పాను.

"గోడ ఎవరిది?"

"కంపెనీది."

"బోర్డు?"

"మీది."

"గోడవాడు తాళం వేసుకుని పోతే బోర్డు ఎవరిది?"

నేను కాగితం తీసి గడువు తేదీ మళ్లీ చూశాను.

పిన్ని టీ గ్లాసులు పెడుతూ కలగజేసుకుంది. "అల్లుడు ఫ్రీగా పెట్టిస్తానన్నాడు కదా. సొంత అల్లుణ్ని కూడా నమ్మరూ?"

"అల్లుడు మంచివాడే. అతను పెడతానన్న సర్వర్ వాళ్ల ఆఫీసుది. రేపు ఉద్యోగం మారితే నా కాటాలు కూడా మారతాయా?"

"ఈయన సంగతి నీకు తెలీదమ్మాయ్" అంది పిన్ని నాతో. "నన్ను చేసుకునే ముందు మూడుసార్లు మా ఇంటికొచ్చి చూసి వెళ్లాడు. మూడోసారి చెప్పకుండా వచ్చాడు."

"చెప్పి వెళ్తే ప్రతి కాటా నిజమే చెప్తుంది" అన్నాడు బాబాయి, నవ్వకుండా.

నేను మూడు కంపెనీలు ఏరి పట్టిక రాసుకెళ్లాను. ఎంత చోటు ఇస్తారు, ఎంత వేగం, సైట్ ఎన్నిసార్లు ఆగిపోయింది, జనం ఏమని రాశారు. బాబాయి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇవన్నీ మధ్యలో పెట్టిన బరువులు. ఫోన్ చెయ్యి, స్పీకర్ పెట్టు."

మొదటి కంపెనీ కుర్రాడి గొంతు తేనెలా ఉంది. మొదటి ఏడాది అద్దె వింటే ఎవరైనా ఎగిరి గంతెయ్యాల్సిందే.

"రెండో ఏడాది?" అన్నాడు బాబాయి.

"అప్పటి రేటు అప్పుడుంటుంది సార్." రెండుసార్లు గుచ్చి అడిగాక మూడింతలని తేలింది.

"సరే. నేను వెళ్లిపోతానంటే ఏం చేస్తారు?"

"సార్, మీరింకా రాలేదు కదా!"

"లోపలికొచ్చే ముందే బయటికి దారి చూసుకోవడం నా అలవాటు బాబూ."

కుర్రాడు ఇంకో విభాగానికి కలుపుతున్నానన్నాడు. సంగీతం మొదలైంది. నలభై నిమిషాలు అదే పాట. నా ఒళ్లో పాప నిద్రపోయింది. "దేనికో ఒకదానికి పనికొచ్చాడు" అంది పిన్ని.

రెండో కంపెనీవాళ్లు సైట్ కూడా తామే తయారుచేస్తామన్నారు. "మీరు ఏమీ చూసుకోనక్కర్లేదు సార్" అనగానే బాబాయి నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. వెళ్లిపోతానంటే ఏమవుతుందని అడిగితే, వాళ్లు కట్టిన సైట్ వేరేచోట నడవదని తేలింది. పేరు?

"పేరు ప్యాకేజీలో భాగంగా మా కంపెనీ మీద రిజిస్టర్ చేస్తాం సార్."

"అంటే నా దుకాణం బోర్డు మీది."

"టెక్నికల్‌గా చెప్పాలంటే..."

బాబాయి ఫోన్ పెట్టించేశాడు. "అవునని చెప్పడానికి నోరు రాకపోతే టెక్నికల్‌గా అంటారు కాబోలు."

మూడో కంపెనీలో ఒకావిడ తీసింది. పొద్దుటినుంచీ మాట్లాడి మాట్లాడి అలసిన గొంతు. అదే ప్రశ్న.

"బ్యాకప్ అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే మీ సైట్ మొత్తం ఒక ఫైల్‌గా వస్తుంది. పేరు మీదే. వేరేచోటికి మార్చుకోవాలంటే కోడ్ ఇస్తాం, ఐదారు రోజులు పడుతుంది. ఇంకేమైనా ఉందా అండీ?"

"నన్ను ఆపరా?"

"ఎందుకండీ ఆపడం?"

నాకు ప్రాణం లేచొచ్చింది. బాబాయికి అనుమానం ఇంకా పెరిగింది. "ఇరుక్కుపోయిన ముల్లు కూడా సున్నానే చూపిస్తుంది అమ్మాయ్. బరువు పెట్టి, తీసి చూడాలి."

అలా ఒక నెల పరీక్ష మొదలైంది. పరీక్ష కాబట్టి అసలు పేరు ఇవ్వనన్నాడు. నేను టైపు చెయ్యడానికి కూర్చుంటే, ఒక పేరు చెప్పాడు. ఎవరిదని అడిగితే నెమ్మదిగా బయటపెట్టాడు. వయసులో ఉండగా పన్నెండేళ్లు కాటాల ఫ్యాక్టరీలో పనిచేశాడు, చివరి పరీక్ష చేసే బల్ల దగ్గర. ఒకసారి మూడు వందల కాటాలు మూలల్లో తప్పు చూపిస్తున్నాయని ఆపేశాడు. సూపర్‌వైజర్ వచ్చి, కొనేవాళ్లు మధ్యలోనే తూస్తారు, సంతకం పెట్టమన్నాడు. ఈయన పెట్టలేదు. మర్నాటినుంచి రావద్దన్నారు. ఆ సూపర్‌వైజర్ పేరే ఇప్పుడు ఇచ్చాడు.

"ఏదైనా తేడా వస్తే వాడి మీదికే పోనీ" అన్నాడు.

ఫోన్ నంబరు కూడా అందుకోసమే కొన్న కొత్త సిమ్‌ది. తన బ్యాంకు కార్డు ఇవ్వడానికి ఒప్పుకోలేదు కాబట్టి నాది వాడాం, ఆ డబ్బు అక్కడికక్కడే నా చేతిలో పెట్టాడు.

నేను తయారుచేసిన సైట్ రెండు వారాలు బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం ఆయన నా ఎదురుగానే సైట్ మొత్తం చెరిపేశాడు. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, "పొరపాటున పోయింది" అన్నాడు. గంటన్నరలో అంతా తిరిగొచ్చింది. ఆయన మొహంలో మొదటిసారి మెచ్చుకోలు చూశాను. అప్పుడే నేను నోరుజారాను.

"రాకపోయినా ఫరవాలేదు బాబాయ్ గారూ. నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉంది."

ఆయన తల తిప్పి చూశాడు. "నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదా."

"ఊఁ" అన్నాడు. ఆ ఊఁ తర్వాత తోలుగుడ్డ తీసి, అప్పుడే తుడిచిన కాటాని మళ్లీ తుడిచాడు.

పరీక్ష నెగ్గింది కాబట్టి అక్కడే ఉండిపోయాం. ఆరు వందల స్టిక్కర్లు కొత్త చిరునామాతో అచ్చయ్యాయి. ఆయన క్లినిక్‌కి వెళ్లి కాటా సరిచూసి రావడం, తనే ఒక వేలితో రికార్డు ఎక్కించడం. పాస్‌వర్డ్ వారానికోసారి మార్చేవాడు. కాగితం మీద రాస్తే ఎవరైనా చూస్తారని రాసుకునేవాడు కాదు. అసలు పేరు పెట్టడం, నంబరు మార్చడం మాత్రం ఇద్దరికీ గుర్తులేదు. అనుమానం ఉన్నన్నాళ్లూ అన్నీ చూశాం, నమ్మకం కుదిరిన రోజునే చూడడం మానేశాం.

గడువుకి నాలుగు రోజులుంది. ఆరు క్లినిక్‌ల రికార్డులు ఎక్కాయి, ఐదు మిగిలాయి. ఆ పొద్దున పిన్ని నుంచి ఫోన్. "నువ్వు ఉన్నపళంగా రా తల్లీ. ఈయన కంప్యూటర్‌ని తిడుతున్నాడు."

పాస్‌వర్డ్ మర్చిపోయాడు. కొత్తది కావాలంటే కోడ్ సిమ్‌కి వస్తుంది. ఆ సిమ్ రీచార్జి లేక చచ్చి నెలైంది. కంపెనీకి ఫోన్ చేశాం. అదృష్టమో దురదృష్టమో, ఆ అలసిన గొంతే తీసింది.

"ఖాతా ఎవరి పేరు మీదుందో వాళ్ల గుర్తింపు కార్డు పంపించండి. ఒక్క రోజులో తెరిచిస్తాం."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఆ పేరున్నాయన లేడమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"రాడు. పోయి ఆరేళ్లయింది."

అవతల కీబోర్డు టకటకలాడింది. "ఖాతా తెరిచి మూడు నెలలేనండీ."

పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలీదు. బాబాయి ఉన్నదంతా చెప్పాడు, పరీక్ష సంగతి, ఫ్యాక్టరీ సంగతి, గడువు సంగతి. రికార్డులన్నీ తన చేత్తో ఎక్కించానన్నాడు. కావాలంటే ఏ కాటా నంబరైనా అడగమన్నాడు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చండీ. కానీ ఇలా చెప్పి వేరేవాళ్ల సైట్లు అడిగేవాళ్లు రోజుకి ఇద్దరైనా ఉంటారు. ఇవ్వలేను."

ఆయన కోపంతో లేచాడు. గది చిన్నది, రెండడుగులు వేస్తే గోడే. గోడ దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి మొహం మారింది. "చూశావా? ఇవ్వలేదు" అన్నాడు నాతో, మెల్లగా. ఆ గొంతులో కొంత గర్వం కూడా ఉంది.

"ఇంకో దారి ఉంది" అంది ఆవిడ. "డబ్బు కట్టిన కార్డు ఎవరిదో వాళ్లు రుజువు పంపితే, ఖాతా వాళ్ల పేరు మీదికి మారుస్తాం."

ఆ కార్డు నాది.

పాప నేలమీద కూర్చుని ఖాళీ డబ్బా మూత దొర్లిస్తోంది. బాబాయి తన ఇత్తడి తూకపు రాళ్ల పెట్టె మూసి, గొళ్లెం పెట్టాడు. "రేపు చూద్దాం" అన్నాడు. ఆ పెట్టె నా ఎదుట ఆయన ఎప్పుడూ మూయలేదు.

ఇంటికొచ్చాక నాకు ఒళ్లు మండింది. నెలలుగా పాపని చంకనేసుకుని తిరిగింది ఎవరి కోసం? మర్నాడు ఆయన ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. సాయంత్రం పిన్ని చేసింది. "ఏమీ అనుకోకమ్మా. కాపీ దాచుకుంది, కార్డూ తనదే, ఇప్పుడు ఖాతా కూడానా అని ఒకటే గొణుగుడు. రేపు ఆ పెద్ద కంపెనీవాళ్లు నీకు ఉద్యోగం ఇస్తే అంటాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటాడు. నేను తిట్టాననుకో."

తిట్టొద్దన్నాను. అప్పటికి నా కోపం కొంత దిగింది. నేను మాత్రం ఆయన్ని తక్కువ అనుమానించానా? నెల నెలా ఆయన స్టిక్కర్ పక్కనే నా సీసా పెడుతూనే ఉన్నాను. ఆయనకి ఒక్కసారీ ఒళ్లు మండలేదు.

రెండో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చెప్పకుండా వచ్చాడు. ఇల్లంతా పరిచిన బొమ్మల మధ్య నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక్క మాట అడిగి వెళ్తా. ఖాతా నీ పేరు మీదికి మారాక, నేను వెళ్లిపోతానంటే ఏం చేస్తావు?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. బల్లమీదున్న కవరు తెచ్చి చేతిలో పెట్టాను. అందులో పెన్‌డ్రైవ్ ఉంది. కంపెనీవాళ్లు పంపిన రెండు ఫారాలున్నాయి. మొదటిది ఖాతా నా పేరు మీదికి రావడానికి. రెండోది అదే రోజున నా పేరు మీదినుంచి ఆయన పేరు మీదికి పోవడానికి. రెండిట్లోనూ నా సంతకం ఉంది. రెండోదాంట్లో ఆయన అసలు పేరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీ.

"బ్యాకప్ ఇదిగో. పేరు మీదే. ఒక్క రోజు పడుతుంది" అన్నాను. "ఇంకేమైనా ఉందా అండీ?"

ఆయన ఫారాలు రెండుసార్లు చదివాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు. "నన్ను ఆపవా?"

"టీ తాగేదాకా ఆపుతాను."

అప్పుడు కూర్చున్నాడు. పెన్ను అడిగాడు. పేరు రాయడానికి అంతసేపు పట్టిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. కాపీ జేబులో పెట్టుకోబోయి, ఆగి, బల్లమీద పెట్టేశాడు. "రెండోది నాకు చేసివ్వు. ఇది నీ దగ్గరే ఉండనీ. ఒక్క చోటే ఉన్న కాపీ కాపీ కాదు."

మూడో రోజు ఖాతా తెరుచుకుంది. ఐదు క్లినిక్‌లూ ఆయన చెప్తుంటే నేను టైపు చేశాను, ఆయన వేలు అంత వేగంగా పోదు కాబట్టి. ఎక్కించిన ప్రతి అంకె మీదా ఆయన కళ్లు ఉన్నాయి, నాకు ఇబ్బంది అనిపించలేదు.

ఒకటో తారీకున పాపని తూచే రోజు. క్లినిక్‌కి వెళ్లేసరికి యాజమాన్యం పంపిన ఆయన ఒకరు, నర్సు, బాబాయి కాటా చుట్టూ నిలబడి ఉన్నారు. నర్సు స్టిక్కర్ మీద నంబరు ఫోన్‌లో కొట్టింది. పేజీ తెరుచుకోవడానికి రెండు క్షణాలు పట్టింది, ఆ రెండు క్షణాలూ బాబాయి గోడ వైపు చూస్తున్నాడు. తెరుచుకుంది. తేదీ, మధ్యలో ఎంత, నాలుగు మూలల్లో ఎంత, చివర సున్నా. అడుగున సరిచూసినవారి పేరు.

వచ్చినాయన తలూపి, చేతిలో ఉన్న పట్టికలో టిక్కు పెట్టి తర్వాతి గదికి వెళ్లాడు. నర్సు ఇంకా ఫోన్ చూస్తోంది. "ఈ పేరు ఎవరిది బాబాయ్? మన కాటాలు చూసేది మీరు కదా?"

"నాదేనమ్మా" అన్నాడు బాబాయి.

నేను పాప చొక్కా విప్పి కాటా మీద పెట్టబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సీసా ఏదీ?"

"ఇవాళ తేలేదు."

"మర్చిపోయావా?"

అవునందామనుకున్నాను. ఆయన చూసే చూపు ముందు అబద్ధం నిలవదు. "కావాలనే తేలేదు బాబాయ్ గారూ. మీ పేరు పడ్డ మొదటి రోజు కదా అని..."

"పేరు పడితే మరలు వదులవ్వవా?" అన్నాడు. పాపని నా చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. "వెళ్లి పట్రా. మేమిక్కడే ఉంటాం."